ఐటీఐ లేతుల మీద కవ్వాలూ చేయించండి

సంపాదకులకు నమస్కారం.

ఐటీఐల్లో టర్నర్ ట్రేడ్, అంటే లేతు (లోహాన్నో కర్రనో గిర్రున తిప్పుతూ టూలుతో చెక్కే యంత్రం) పని నేర్పే కోర్సు, రెండేళ్లు. పిల్లలు ఇనప కడ్డీ మీద మెట్లలా సైజు మారే స్టెప్పులు, క్రమంగా సన్నబడే టేపర్లు తీస్తారు, మరలు కోస్తారు. ఆ పని రావాల్సిందే, నేనూ అలాగే నేర్చుకున్నాను. వాటితోపాటు ఇంట్లో వాడుకునే వస్తువులు కూడా వాళ్ల చేత చేయించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

రిటైరయ్యాక పెరటి షెడ్డులో సింగిల్ ఫేజ్ మోటారుతో నడిచే చిన్న లేతు పెట్టుకున్నాను. అప్పడాల కర్రలు, కోలాటం కర్రలు, మనవలకి బొంగరాలు తేలిక పనులే. కవ్వమే అసలు పని. కర్రను గుండ్రంగా తీశాక తలను నాలుగు సమభాగాలు చెయ్యాలి. మోటారు ఆపేసి, కర్రను పట్టి తిప్పే నాలుగు జాల (దవడల) చక్‌ను చేత్తో తిప్పుతూ, ఒక్కో జా కింద బెడ్ (లేతు అడుగు దిమ్మ) మీద అదే చెక్కముక్క ఆనిస్తే చక్ పావు చుట్టుకొకసారి ఆగుతుంది. ఆగినప్పుడల్లా టూలును మోసే క్యారేజీని చేత్తో జరిపి, టూలు మొనతో కర్ర పొడవునా గీత గీస్తాను. ఆ గీతల్ని పట్టుకుని రంపంతో కోస్తే రెక్కలు సమానంగా వస్తాయి. వార్నిష్ మాత్రం వద్దు, నువ్వుల నూనె పట్టిస్తే చాలు.

గేటు గడియ స్ప్రింగు పోయినా లేతు మీదే చుట్టుకుంటాను. మర కోసే గేరు వేసి నెమ్మదిగా తిప్పితే చుట్ల మధ్య ఎడం సమానంగా వస్తుంది. తీగ చుట్టే లోపలి కడ్డీ కావలసిన సైజు కన్నా కాస్త సన్నగా ఉండాలి, వదలగానే స్ప్రింగు విచ్చుకుంటుంది.

2017లో జీఐ (ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలు మా అనకాపల్లి జిల్లావే. లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను అదిమితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఎంత చక్కని విద్య! ఆ కళాకారులను గౌరవంగా పిలిచి, తగిన వేతనమిచ్చి, మన ఐటీఐ పిల్లలకు నేర్పించాలి.

ఆదివారాలు ఖాళీగా ఉండే లేతులను ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలో ఊళ్లోవాళ్లకూ తెరవాలి, ముఖ్యంగా ఇంట్లోనే ఏదైనా చేసి అమ్ముకుందామనుకునే ఆడవాళ్లకు. గాజులు, చున్నీ, వదులు చేతుల చొక్కా, గ్లవ్స్ ఏవీ మిషన్ దగ్గరికి రానివ్వకూడదు. జాలను బిగించే చక్ తాళం చక్‌లోనే వదిలేసి స్విచ్ వెయ్యకూడదు. ఈ రెండు విషయాల్లో ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

– ఒక రిటైర్డ్ టర్నర్, అనకాపల్లి