పాత పంపు షెడ్డు స్థలంలో పార్కు: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు వీధి దీపాలు, డ్రైనేజీ మూతలు, పండుగల ఏర్పాట్లు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కాలనీ చివరి పాత పంపు షెడ్డు స్థలానికే ఇస్తున్నాం. డబ్బూ శ్రమా ఎక్కువ పట్టింది అక్కడే, ఈ ఎండాకాలం మీ సాయం కావలసిందీ అక్కడే.

స్థలం సుమారు 1,400 గజాలు. కాలనీకి నల్లా నీళ్లు వచ్చాక బోరు మూతపడింది. షెడ్డు, నేలలోని సంపు మిగిలాయి. ఇల్లు కట్టేవాళ్లు, బాత్రూం మార్పించుకునేవాళ్లు రాళ్లూ రప్పలూ తెచ్చి అక్కడే పోస్తూ వచ్చారు. స్థలం ప్రభుత్వానిది, ఇకముందూ ప్రభుత్వానిదే. మనకున్నది నిర్వహణ అనుమతి ఒక్కటే. కాబట్టి గది గానీ, గుడి గానీ, షటిల్ కోర్టు గానీ కట్టే ప్రసక్తి లేదు.

పైన కనిపించే చెత్త ఎత్తడానికి పది రోజులు పట్టింది. కూల్చివేత వ్యర్థాలను మట్టి, ప్లాస్టిక్ కలవకుండా వేరుచేసి హైదరాబాద్‌లోని ఫతుల్లగూడ రీసైక్లింగ్ ప్లాంటుకు పంపాం. షెడ్డు పక్కనున్న రెండు వేపచెట్లను, ఒక కానుగను ముట్టుకోలేదు. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే నెల తిరగకుండా పది పిలకలు వేస్తుంది. చుట్టూ తవ్వి, అడుగు లోతున వేరు నరికితేనే మళ్లీ రాదు. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకించాం. పూత వచ్చాక పీకితే విత్తనాలు మనమే చల్లినట్టవుతుంది.

అసలు పని నేల కింద ఉంది. పైకి ఎర్రమట్టిలా కనిపించేచోట కూడా అరడుగు లోతు మట్టి తీసి వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుస పొంగింది. సిమెంటు, సున్నం కలిసిన నేల అది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఎరువు ఎంత వేసినా ఆ పసుపు పోదు. అందుకే చెట్ల గుంతలు 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వించి, లోపలి రబ్బిష్ మొత్తం తీయించాం. పొదలకు అడుగున్నర గుంతలు సరిపోయాయి. బయటి నుంచి తెచ్చిన ఎర్రమట్టి రెండు పాళ్లు, పెంట ఎరువు ఒక పాలు, చెట్టుకు అరకిలో వేపపిండి చొప్పున కలిపి నింపాం. పార తగిలి నున్నబడిన గుంత గోడలను గడ్డపారతో గీకించడం మరవకూడదు. లేకపోతే వేరు గోడ దాటలేక కుండీలో మొక్కలా అక్కడక్కడే చుట్టుకుంటుంది. మొక్కలకు అయిన ఖర్చు మొత్తంలో పదో వంతు కూడా కాదు. మిగతాదంతా ఈ మట్టికే. అది సరైన ఖర్చేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

జులైలో రెండు మంచి వానలు పడ్డాక 212 మొక్కలు నాటాం. అందులో 38 చెట్లు: కానుగ, నేరేడు, నెమలినార, రేల, మారేడు, ఇప్ప, జమ్మి. మిగతా 174 పొదలు: తంగేడు, వావిలి, వాక్కాయ, పారిజాతం. కరెంటు తీగల కింద పొదలే పెట్టాం. మర్రి, రావి వేయమని చాలామంది అడిగారు. ప్రహరీకి, సంపుకు ఇంత దగ్గరలో వాటి వేళ్లు గోడలు చీలుస్తాయి కాబట్టి వేయలేదు. ఆరడుగుల మొక్కలు కాక రెండడుగులవే కొన్నాం. పెద్ద మొక్క కవరులో ఎక్కువ కాలం ఉండి వేళ్లు చుట్టుకుపోతాయి. చిన్నది మూడేళ్లలో దాన్ని అందుకుంటుంది.

తంగేడు విషయంలో ఒక మాట. దాని తల్లివేరు నిటారుగా లోతుకు పోతుంది, కవరులోంచి మార్చినప్పుడు తెగితే మొక్క కోలుకోదు. ఈసారి నేరుగా విత్తనమే వేద్దాం. గింజ పెంకు గట్టిది. మరిగి దించిన నీళ్లలో వేసి, ఆ నీళ్లు చల్లారేదాకా ఉంచి విత్తాలి.

మార్చి ఆఖరుకు 171 మొక్కలు బతికి ఉన్నాయి. పోయిన 41 ఎందుకు పోయాయో అందరికీ తెలియాలి.

ఇరవైమూడు ఉత్తరం మూలలోవే. చెత్త తీసేటప్పుడు జేసీబీ, టిప్పర్లు తిరిగింది ఆ మూలలోనే. మొదటి వానలకు తడిసిన నేల మీద వాటి చక్రాలు పడి అడుగున నేల గచ్చులా గట్టిపడింది. మొక్కలు వాలిపోతే నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశారు. పీకి చూస్తే వేళ్లు నల్లబడి ఉన్నాయి, వేలితో లాగితే పైతోలు జారి వచ్చేసింది, మురుగు వాసన. మొక్క చచ్చింది దాహంతో కాదు, వేళ్లకు గాలి అందక. అడుగున్నర గుంత తవ్వి నీళ్లతో నింపి, మర్నాటికి ఇంకాయో లేదో చూస్తే తెలిసిపోయేది. నాటకముందు ఆ పరీక్ష అన్నిచోట్లా చేయలేదు, అది సంఘం పొరపాటు.

తొమ్మిది మొక్కలు సరిగా మాగని ఎరువు వల్ల పోయాయి. ఆ బండి ఎరువు గుంతలో వేడెక్కి వేళ్లను కాల్చింది, తెల్లటి వేరుపురుగులనూ తెచ్చింది. ఎరువు మాగితే పేడ వాసన ఉండదు, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. ఇకనుంచి అలా చూశాకే బండి దించాలి. ఆరింటిని చెదలు తిన్నాయి. ఎండాకుల పొరను మొదలుకు ఆనించడమే కారణం. పొర నాలుగంగుళాల మందం ఉండాలి, కాండానికి జానెడు దూరంలో ఆగాలి. మూడు జమ్మి మొక్కలు దసరా నాడు విరిగిపోయాయి. జమ్మి మన తెలంగాణ రాష్ట్ర వృక్షమే, ఆకు తెంపుకోవడం మన ఆచారమే. కానీ చేతికర్రంత కాండానికి అది తట్టుకునే శక్తి లేదు. ఐదేళ్లు వదిలేయండి. ఈ దసరాకు పెద్ద జమ్మి కొమ్మలు బయటి నుంచి తెప్పించి గేటు దగ్గర పెడతాం.

బతుకమ్మకు మాత్రం పూలు కోసుకోండి. తూర్పు గోడ వెంట గునుగును కలుపుగా పీకకుండా వదిలింది అందుకే.

ఆగస్టులో రేల ఆకులను పచ్చ గొంగళిపురుగులు తినేస్తున్నాయని మందు కొట్టమని చాలామంది కోరారు. కొట్టలేదు. అవి పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. వాటికి రేల, తంగేడు జాతి ఆకే తిండి. మూడు వారాల్లో కొత్త చిగురు వచ్చింది. మారేడు మీద పురుగులకూ ఇదే వర్తిస్తుంది.

దారులకు టైల్స్ వద్దనుకుని మొరం పరిచాం. వాలు వెంట నిలువుగా వేసిన ముక్క ఒక్క వానకు కొట్టుకుపోయింది. దాన్ని వాలుకు అడ్డంగా తిప్పి, అంచున రాళ్లు పాతి, పక్కన అడుగు లోతు కందకం తీశాక నిలిచింది.

ఇక నీళ్లు. షెడ్డు కప్పు 40 చదరపు మీటర్లు. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తరుగు తీసేసినా దాదాపు 25,000 లీటర్లు వస్తాయి. సంపులో పట్టేది 12,000, మిగతాది ఇంకుడు గుంతకు పోతుంది. మూతకు తాళం, గాలిగొట్టానికి సన్నని జాలీ వేయించాం. పిల్లల కోసమూ, దోమల కోసమూ ఆ రెండూ ఎప్పుడూ తీయకూడదు.

ఇప్పుడు సంపులో సగమే ఉంది. వారానికి రెండుసార్లు చెట్టుకు 15, పొదకు 5 లీటర్ల చొప్పున పోస్తే వారానికి 2,300 లీటర్లు కావాలి. జూన్ మధ్య దాకా పది వారాలంటే 23,000. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు కొనాలి. ఆ మొత్తాన్ని వచ్చే బడ్జెట్‌లో పెట్టాం. నీళ్లు సాయంత్రం, మొక్కకు అడుగున్నర దూరంలో కట్టిన పాదులో నెమ్మదిగా పోయాలి. ఆర్వో నుంచి వృథాగా వచ్చే నీళ్లు వద్దు, వాటిలో లవణాలు ఎక్కువ.

ఉత్తరం మూలను మే నెలలో మూడడుగుల లోతు దాకా గడ్డపారలతో పగలగొట్టించి, మట్టిని అడుగెత్తు గట్లుగా పోయిస్తాం. నీటి ఒడ్డున పెరిగే తెల్లమద్ది, తడిని ఓర్చుకునే మోదుగ అక్కడ వేస్తాం. మోదుగ గింజ నిలవ ఉంటే మొలవదు. ఎండిన కాయలు కనబడిన సభ్యులు ఏరి షెడ్డులోని సంచిలో వేయండి, ఆ వారంలోనే విత్తుతాం.