కొత్త కారు ఆపు, పాత కారు చూద్దాం

చెన్నై,
ఆదివారం

చిట్టితల్లీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో చెబుదామంటే నీకు మీటింగులు, నాకు కౌంటర్ దగ్గర జనం. సగం మాట నోట్లోనే ఉండిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. "ఈ రోజుల్లో అంత పొడుగు ఉత్తరం ఎవరు చదువుతారు" అంటోంది మీ అమ్మ. నువ్వు చదువుతావులే.

నువ్వు అడిగినవి రెండు. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని టెన్షన్‌గా ఉంది, బుక్ చేసిన కొత్త కారు తీసుకోనా వద్దా అని ఒకటి. మీ ఫ్రెండ్ వాళ్ళ బాబాయి అమ్ముతానంటున్న 70ల నాటి పద్మిని, అదే మనం ఫియట్ అనే పాత కారు, కొని పెట్టుకుంటే, క్లాసిక్ కార్ల రేటు ఎప్పటికీ పడదట కాబట్టి, నాలుగు రాళ్ళు మిగులుతాయా అని ఇంకొకటి. మొదటిదానికి నా జవాబు, ఆగు. రెండోదానికి, ముచ్చటపడితే కొను, లాభానికైతే వద్దు.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కార్ల స్పేర్ పార్టుల షాపు పెట్టుకున్నవాడికి దేశం పరిస్థితి పేపర్లో చదవక్కర్లేదు. రోజులు బాగున్నప్పుడు జనం సీటు కవర్లు, అల్లాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టమ్ అడుగుతారు. బాగోనప్పుడు బ్రేక్ షూలు, సస్పెన్షన్ బుష్‌లు, ఫ్యాన్ బెల్టులు అడుగుతారు. మొదటి రకం సరుకు కొత్త కారు కొన్నవాడికి. రెండోది కొనడం వాయిదా వేసుకున్నవాడికి. 2019లో మన సీటు కవర్ల కట్టలు విప్పకుండా అటక మీద పడి ఉండటం నువ్వే చూశావు. అదే ఏడు బుష్‌లు తెచ్చినవి తెచ్చినట్టే అయిపోయాయి.

ఆ ఏడాది జూలైలో దేశంలో కార్ల అమ్మకాలు అంతకు ముందటి జూలై కన్నా సుమారు 31 శాతం తక్కువ. దాని మూలం వెనకటి ఏడాదిలో ఉంది. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. రోడ్లకూ వంతెనలకూ డబ్బు పెట్టే సంస్థకీ మన వీధిలో కారుకీ ఏమిటి సంబంధం అంటావేమో. దానికి అప్పిచ్చి దెబ్బతిన్నవాళ్ళు మిగతా ఫైనాన్స్ కంపెనీలను కూడా నమ్మడం మానేశారు. కొనేవాడికి కారు లోను ఇచ్చేదీ, డీలరుకు స్టాకు మీద అప్పిచ్చేదీ చాలావరకు ఆ కంపెనీలే. పైగా సరిగ్గా ఆ సమయానికే కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలన్నారు. 2020 ఏప్రిల్ నుంచి పొగ తక్కువ వదిలే కొత్త నిబంధనల బండ్లు, బీఎస్6 అనేవి, వస్తున్నాయి, ఆగితే మంచిదేమో అన్న అనుమానం ఒకటి. కొనేవాడు ఆగాడు. శ్రీపెరుంబుదూర్, ఒరగడం వైపు విడిభాగాలు చేసే యూనిట్లలో ముందు షిఫ్టులు తగ్గాయి, తర్వాత కాంట్రాక్టు కుర్రాళ్ళు సంచి సర్దుకుని ఊళ్ళకు పోయారు. ఆ మరుసటి ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ పుణ్యమా అని, మారుతి దేశం మొత్తం మీద ఒక్క కారు కూడా అమ్మలేదు. ఒక్కటంటే ఒక్కటి!

కష్టకాలంలో మొదట దెబ్బ తినేది కొత్త కారే. ఎందుకంటే అది చేతిలో ఉన్న డబ్బుతో కొనేది కాదు, ఇంకా రాని జీతంతో కొనేది. నీ లెక్కే చూడు. 10 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు అనుకుంటే నెలకు దాదాపు 16,100 కట్టాలి. రెండేళ్ళు ఠంచనుగా కట్టాక కూడా బాకీ 7 లక్షల 75 వేలు ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళ పట్టిక ప్రకారం రెండేళ్ళు దాటిన బండి విలువలో 30 శాతం కోసేస్తారు, అంటే 10 లక్షల బండి 7 లక్షలు. ఆ రోజున ఉద్యోగం పోయి బండి అమ్మితే, బండీ పోతుంది, ఇంకో ముప్పావు లక్ష అప్పూ మిగులుతుంది. షోరూమ్ కుర్రాడు ఈఎంఐ ఎంతో చెబుతాడు గాని ఇది చెప్పడు. చెప్పడం వాడి పని కాదు కూడా.

సెకండ్ హ్యాండ్ సంగతి వేరు. మొదట్లో ఫైనాన్స్ వాళ్ళు సీజ్ చేసిన బండ్లు యార్డుల్లో నిండి రేటు కాస్త దిగుతుంది. తర్వాత కొత్తది కొనలేనివాళ్ళంతా అటే వస్తారు, రేటు లేస్తుంది. 2021లో బండ్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్పులు దొరక్క కొత్త కార్లకు నెలల తరబడి వెయిటింగ్ పడినప్పుడు ఇదే చూశాం. పక్కనున్న శ్రీలంకనైతే అసలు మర్చిపోలేం. డాలర్లు ఆదా చేయడానికి 2020 మార్చిలో వాహనాల దిగుమతి ఆపేశారు. సొంత కార్లకు మళ్ళీ తలుపు తెరిచింది 2025లోనే. ఈ మధ్యలో అక్కడ వాడిన కారును కొన్న ధర కన్నా ఎక్కువకు అమ్ముకున్నారు. మన దగ్గరా ఒకప్పుడు అంతే. ఫియట్ బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజుల్లో, చేతిలో ఉన్న బండికి కొత్తదానికి మించి పలికేది.

ఇక మీ ఫ్రెండ్ బాబాయి వేదాంతం. ఆయన మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. 2008లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయాక అమెరికాలో కొత్త బండ్ల మార్కెట్ ఏమైందో తెలుసా? 2007లో కోటీ 60 లక్షల దాకా అమ్మినవాళ్ళు 2009లో కోటీ 4 లక్షల దగ్గర ఆగిపోయారు. 2009 జూన్ 1న జనరల్ మోటార్స్ అంతటిది దివాలా పిటిషన్ వేసింది. కొత్త కార్లు అమ్ముడవ్వాలని ప్రభుత్వం పాత కారు ఇస్తే డబ్బిచ్చే పథకం పెట్టింది. అలా వచ్చిన దాదాపు 7 లక్షల బండ్ల ఇంజన్లలో ఆయిలు తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా నడిపారు. స్పేర్ పార్టులు అమ్ముకుని బతికేవాణ్ణి, ఆ వీడియో చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది.

సరిగ్గా ఆ ఏడాదే ఫిబ్రవరిలో పారిస్ వేలంలో, ఇంగ్లండులో ఒక గ్యారేజీలో దశాబ్దాలపాటు దుమ్ముకొట్టుకున్న బుగాటీ కారు ఒకటి 34 లక్షల యూరోలకు పోయింది. మే నెలలో ఇటలీలోని మరనెల్లోలో 1957 నాటి ఫెరారీ టెస్టా రోస్సా 90 లక్షల యూరోలు దాటింది. అప్పటికి వేలంలో ఏ కారుకూ అంత రాలేదు. బ్యాంకుల్ని నమ్మలేని డబ్బున్నవాళ్ళు కంటికి కనిపించే వస్తువు మీద పెట్టారు. అమ్మేవాళ్ళకు తొందర లేదు. ఆ రెండూ కలిస్తేనే ఆ రేటు.

తొందర ఉన్నప్పుడు కథ ఎలా ఉంటుందో కూడా విను. 1988లో ఫెరారీ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ పోయాక, జపాన్‌లో డబ్బు పొంగిపొర్లుతున్న రోజుల్లో, ఫెరారీల రేట్లు ఆకాశానికి ఎక్కాయి. 1989లో 250 జీటీవో అనే రకం ఫెరారీ ఒకటి కోటి డాలర్లు దాటింది. ఆ పొంగు చల్లారాక, 90ల మధ్యలో అలాంటి బండికే అందులో సగం కూడా రాలేదు. అప్పు తెచ్చి కొన్నవాళ్ళు అమ్ముకోక తప్పలేదు. 1973 చమురు సంక్షోభంలోనైతే పెట్రోలు తాగే పెద్ద ఇంజన్ల బండ్లను పలకరించే దిక్కు లేదు. ఆస్టన్ మార్టిన్, మసెరాటీ లాంటి కంపెనీలే మూతపడే దాకా వెళ్ళాయి. ఈ రోజు ఆ బండ్ల కోసం కొట్టుకు చస్తున్నారు, అది వేరే సంగతి.

కాబట్టి పాత కారు రేటు నిలబడటం దాని గొప్పతనం కాదమ్మా, యజమానికి డబ్బు అవసరం పడకపోవడం. మన ఇంట్లో కవర్ కింద ఉన్న తాతయ్య స్టాండర్డ్ హెరాల్డ్‌నే తీసుకో. వండలూరు దగ్గర ఫ్యాక్టరీలో తయారైన బండి. బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి మొత్తం ముందుకు వంచితే, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఆ కంపెనీ 80ల చివర్లో మూతపడింది. 1991లో గల్ఫ్ యుద్ధం, పెట్రోలు రేట్లు, రూపాయి పతనం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడితే, పాత బండ్లు తుక్కుకు కొనే పుదుపేట బ్రోకర్ ఇంటికొచ్చి దానికి ఇనుము రేటు కట్టాడు. అప్పటికది క్లాసిక్ కాదు, పార్టులు దొరకని పాత బండి, అంతే. డబ్బు అవసరం పడ్డవాళ్ళు ఇచ్చేశారు. ఎన్ని హెరాల్డ్‌లు ఆ ఏడాది గ్యాస్ కట్టర్ కింద ముక్కలయ్యాయో! తాతయ్య ప్రేమ కొద్దీ ఉంచుకున్నారని మీ అత్త చెబుతుంటుంది గాని, ఆ నెలలో షాపు ఎలాగో నెట్టుకొచ్చింది, అందుకే అమ్మలేదు. ఇప్పుడు దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారంటే, మిగతావి తుక్కైపోయాయి కాబట్టే.

పద్మిని అలా కాదు. ఇంకా బోలెడు ఉన్నాయి, పార్టులు దొరుకుతాయి. అది కొనేవాడికి మంచిది, అమ్మి లాభపడదామనుకునేవాడికి కాదు. కొనేవాళ్ళు కొద్దిమందే ఉన్న సరుకు ఇది. కష్టమొచ్చిన నెలలో రేటు పడటం కాదు, ఫోన్ ఎత్తేవాడే ఉండడు. రిజిస్ట్రేషన్ కూడా చూసుకో. 50 ఏళ్ళు నిండిన బండికి 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది, పదేళ్ళకు 20,000. కానీ అప్పుడు దాన్ని ర్యాలీలకు, ప్రదర్శనలకు తిప్పుకోవాలి తప్ప రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళడానికి లేదు. బెంగళూరు ట్రాఫిక్‌లో స్టీరింగ్ పక్కన గేరు మారుస్తూ ఆఫీసుకు వెళ్ళాలని నీకూ ఉండదనుకో.

అయినా మనసు పడిందంటే నేను అడ్డు చెప్పను. కాకపోతే అప్పు చేయొద్దు. కొనకముందు డోర్ల కింద, ఫ్లోరు మీద అయస్కాంతం పెట్టి చూడు. అంటుకోని చోట రేకు పోయి పుట్టీ ఉన్నట్టు. పైన కొత్త పెయింటు తళతళలాడుతుంటే ఇంకా జాగ్రత్తగా చూడు. ఇంజన్ మార్చారేమో అడుగు, మార్చి ఉంటే ఆర్సీలో ఎక్కించారో లేదో చూడు. ఆర్సీకి, ఛాసిస్ ప్లేటుకి ఫోటోలు తీసి నాకు పంపు. నంబర్లు ఒకదానికొకటి సరిపోకపోతే బాబాయి ఎంత మంచివాడైనా మనకొద్దు.

కొత్త కారు బుకింగ్ గురించి రేపే షోరూమ్‌తో మాట్లాడు. అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎంత కోసినా ఒక ఈఎంఐ కన్నా తక్కువైతే ఆలోచించకు. నీ ఐ10 ఇంకో రెండేళ్ళు నిక్షేపంగా తిరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గోల చేస్తోంది గాని బండి లాగడం లేదన్నావు కదా, అది క్లచ్చే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ సెట్టుగా మంగళవారం బస్సు పార్సిల్‌లో పంపుతున్నా. మీ మెకానిక్ ప్లేటు ఒక్కటి మారిస్తే చాలంటాడు, ఒప్పుకోకు. లేబర్ ఛార్జీ రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

మీ నాన్న