మైదానం గేటుకు తాళం ఎందుకు?

సంపాదకుడు గారికి,

కోనసీమలోని మా ఊరి ఉన్నత పాఠశాల మైదానానికి సాయంత్రం అయిదు కాగానే తాళం పడుతోంది. ఆదివారమైతే అసలు తెరవరు. పిల్లలు కాలువ గట్టున కూర్చుని ఫోనులో క్రికెట్ ఆడుకుంటున్నారు.

మా చిన్నతనంలో దాళ్వా కోతలయ్యాక ఎండిన చేలోనే వాలీబాల్ కోర్టు గీసేవాళ్లం. గీతలకు ముగ్గుపిండి, స్తంభాలకు సరుగుడు బాదులు, నెట్టుకు చిరిగిన చేపల వల. సైకిలు పంపుతో గాలి కొట్టిన బంతి రెండో ఆటకే మెత్తబడేది. బంతిని ఎత్తి ఇచ్చేది నా మిత్రుడు, కొట్టేది నేను. చప్పట్లన్నీ నాకే! ఆ అన్యాయాన్ని అతను ఇప్పటికీ కాఫీ తాగిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు.

1996 నవంబరు తుపానుకు మా పెరట్లో కొబ్బరిచెట్లు ఇంటిమీద పడ్డాయి. తెల్లారేసరికి గొడ్డళ్లు పట్టుకుని వచ్చింది బంధువులు కాదు, ఆ జట్టువాళ్లే. అప్పటికి మేము కలిసి ఆడి పదిహేనేళ్లు దాటింది.

అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో జతకట్టి 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణాలు గెలిచాడు. మనం ఫ్లెక్సీలు ఘనంగానే కట్టాం. గేటు మాత్రం తీయం.

పంచాయతీ, పాఠశాల యాజమాన్య కమిటీ మాట్లాడుకుని మైదానాన్ని రాత్రి ఏడు వరకైనా తెరిచి ఉంచాలి, రెండు దీపాలు పెట్టించాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నదే సమస్య అయితే, మా ముసలి జట్టులో నలుగురం ఇంకా ఊళ్లోనే ఉన్నాం.

– ఒక విశ్రాంత ఉద్యోగి, కోనసీమ