లక్క సీలు వేసినాయన ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో

సంపాదకులు గారికి,

పేపర్లో గంజాయి పట్టివేత వార్త కనిపిస్తే నేను ముందు చూసేది పట్టుకున్నదెవరా అని. ఎక్సైజా, పోలీసులా, స్మగ్లింగ్ పట్టే కేంద్ర సంస్థ డీఆర్ఐనా, మత్తుమందుల నియంత్రణకున్న కేంద్ర సంస్థ ఎన్‌సీబీనా? నర్సీపట్నం వైపు వీఆర్వోగా ఉన్నన్నాళ్లూ ఎవరు పిలిస్తే వాళ్లకు మీడియేటర్‌గా, అంటే పట్టివేతకు సాక్షిగా వెళ్లి సంతకాలు పెట్టినవాణ్ణి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఈ ఉత్తరం మాత్రం ఎన్‌సీబీ గురించి.

ఒకసారి రాత్రి పదకొండింటికి జీపొచ్చింది. చింతపల్లి రోడ్డు మీద వ్యాను ఆపారు. ఉల్లిపాయ బస్తాల కింద బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, ఒక్కోటి రెండేసి కిలోలు. కిరాణా కొట్టతన్ని నిద్రలేపి కాటా తెప్పించాం. గంజాయి 20 కిలోలు దాటిందంటే శిక్ష పదేళ్లకు తగ్గదు. అందుకని ఆ ఆఫీసరు మూడుసార్లు తూయించారు. సీలు వేస్తుంటే వేడి లక్క బొటనవేలి మీద పడినా చెయ్యి తియ్యలేదు. పనిమంతుడు.

ఆరేళ్లకు కేసు విచారణకొచ్చింది. అప్పటికి ఆయన డెప్యుటేషన్ ముగిసి సొంత శాఖకు వెళ్లిపోయారు, ఉత్తరాదిలో ఎక్కడో డ్యూటీ. రెండు వాయిదాలు అలాగే పోయాయి. మూడోసారి వస్తే, సీలు మీద ఏ అక్షరాలున్నాయని లాయరు అడిగారు. ఆయన నా వంక చూశారు. నాకు మాత్రం ఏం గుర్తు? అది ఏ ఏజెన్సీయో ఇప్పుడెందుకులెండి.

1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద 1986 మార్చి 17న ఎన్‌సీబీ ఏర్పడింది. మొదట ఆర్థిక శాఖలో ఉండేది, 2003లో హోం శాఖకు మారింది. ఢిల్లీలో డైరెక్టర్ జనరల్ (డీజీ), కింద జోనల్ డైరెక్టర్లు. పోలీసు, కస్టమ్స్, కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చేవాళ్లు చాలామంది. లైసెన్సు మీద నల్లమందు సాగు చూసే నార్కోటిక్స్ కమిషనర్ మాత్రం గ్వాలియర్‌లో, ఇప్పటికీ ఆర్థిక శాఖ కిందే. 2021లో ముంద్రా పోర్టులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ దొరికింది, దిగుమతి కంపెనీ అడ్రసు మన విజయవాడది. పట్టింది డీఆర్ఐ, దర్యాప్తు వెళ్లింది జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు. ఇంతమందిని కలుపుకుపోవడమే ఎన్‌సీబీ అసలు పని.

అలాంటి ఆఫీసుకు పెద్ద కుదురుగా కూర్చోవద్దూ? 2019 నుంచి రెండేళ్లపాటు ఐపీఎస్ అధికారి రాకేశ్ ఆస్థానా ముందు విమానయాన భద్రత, తర్వాత సరిహద్దు దళం బీఎస్ఎఫ్ చూసుకుంటూనే దీన్నీ అదనంగా చూశారు. ఆయన వెళ్లాక కొన్నాళ్లు విపత్తుల్లో సాయపడే ఎన్డీఆర్ఎఫ్ డీజీకి అప్పగించారు. ఇన్‌ఛార్జి తహసీల్దారున్న మండలం ఎలా నడుస్తుందో రెవెన్యూలో పనిచేసిన నాకు తెలుసు. ఫైళ్ల మీద సంతకాలు పడతాయి, అంతవరకే.

డీజీ పోస్టు ఇక ఎప్పుడూ ఎవరికీ అదనపు బాధ్యతగా ఇవ్వకూడదు, కనీసం మూడేళ్లు కదపకూడదు. సొంతంగా చేర్చుకున్న సిబ్బందిని పెంచాలి. డెప్యుటేషన్ ముగిసినవాళ్లు పాత కేసుల్లో సాక్ష్యానికొస్తే సొంత శాఖ దాన్ని డ్యూటీగా లెక్కగట్టాలి, సెలవు పెట్టి రమ్మంటే ఎవరొస్తారు?

వచ్చే వారం నాకు మళ్లీ వాయిదా ఉంది, ఇంకో కేసులో. బస్సు చార్జీలు నావే. సీలు వేసినాయన వస్తారో రారో చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వీఆర్వో,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా