అమ్మాయి ఆడింది, కాయితాలు ఊరు మోసింది: రాయగడ వాళ్లందరికీ కృతజ్ఞతలు

ఒడిశా రాయగడలో, మన మైదానంలో ఆడిన అమ్మాయికి అమెరికాలో ఒక ఎన్‌ఏఐఏ (అక్కడి కాలేజీ ఆటలు నడిపే సంస్థల్లో ఒకటి) కాలేజీ మహిళల ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరికింది. నాలుగేళ్ల డిగ్రీ చదువుతూ ఆడుతుంది. ఫీజులో పెద్ద భాగం స్కాలర్‌షిప్ కింద పోతుంది. ఈ పనిలో చెయ్యేసిన వాళ్లందరికీ శిక్షకులం, తల్లిదండ్రులం కలిసి దండం పెట్టి చెప్పుకుంటున్న మాట ఇది. ఎవరి పేరూ రాయడం లేదు, చేసిన పని మాత్రం పూసగుచ్చినట్టు రాస్తున్నాం. రేపు గుణుపూర్‌లోనో పర్లాకిమిడిలోనో ఇంకో అమ్మాయికి అవకాశం వస్తే, ఎవరి దగ్గరికి వెళ్లి ఏం అడగాలో వాళ్ల ఇంట్లోవాళ్లకు తెలియాలి.

ముందుగా ప్లస్ టూ కాలేజీ లెక్చరర్ మాస్టారికి. అక్కడి కాలేజీ ఆట అంతా ఒకే గాటన కట్టేది కాదని విడమరిచి చెప్పింది ఆయనే. కాలేజీ ఆటలు నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ, అందులో మూడు డివిజన్లు. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, చదువును, ఇంటి ఆదాయాన్ని చూసి ఇచ్చే సాయం ఉంటుంది. ఎన్‌ఏఐఏ వేరే సంస్థ. దాని కిందివి ఎక్కువగా చిన్న కాలేజీలు, విదేశీ పిల్లలు బాగా కనిపిస్తారు. రెండేళ్ల జూనియర్ కాలేజీలది ఎన్‌జేసీఏఏ. డివిజన్ 1లో ఒకప్పుడు మహిళల జట్టుకు 14, పురుషుల జట్టుకు 9.9 స్కాలర్‌షిప్పులని హద్దు ఉండేది. 2025-26 నుంచి కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ హద్దు పోయి, జట్టులో 28 మందే ఉండాలన్న హద్దు వచ్చింది. డబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, కోచ్ నమ్మకంతో ఓ ఏడాది బెంచీ మీద ఉంచి తయారు చేసుకునే అమ్మాయికి చోటు తగ్గింది. ఫుట్‌బాల్‌లో స్కాలర్‌షిప్పును ముక్కలు చేసి పంచడం మామూలే. అంతా ఉచితమన్న ఆశతో మొదలుపెడితే సగంలో నీరుగారిపోతారు.

మార్కుల సంగతి ఇంకా ముఖ్యం. అక్కడివాళ్లు 9వ తరగతి నుంచి 12 దాకా ఏడాదికేడాది మార్కులు చూస్తారు. పదో తరగతి, ప్లస్ టూ బోర్డు మార్కుల జాబితాలు అందరింట్లోనూ ఉంటాయి. 9, 11 తరగతులవి ఉండవు. హైస్కూలు హెడ్మాస్టారు గారు పాత రిజిస్టర్ తీయించి, సబ్జెక్టువారీగా మార్కులు, పూర్తి మార్కులు, పాస్ మార్కులు, పరీక్ష నెల, సంవత్సరం ఇంగ్లిషులో టైపు చేయించి సీలు వేసి ఇచ్చారు. ఒరియాలో ఉన్న కాయితానికి వరుస వరుసకీ ఇంగ్లిషు అనువాదం పెట్టించారు. సారాంశం రాసిస్తే చెల్లదు. శాతాన్ని మనమే జీపీఏగా (4 పాయింట్లకు లెక్కగట్టే అక్కడి మార్కుల సగటు) మార్చి పంపకూడదని కూడా ఆయనే ఆపారు. ఆ మార్పిడి వాళ్లే చేసుకుంటారు.

ఆర్ట్స్ తీసుకునే అమ్మాయిలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డివిజన్ 1కి 16 కోర్ సబ్జెక్టుల (ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు వంటివి) లెక్క ఉంది, అందులో లెక్కలు మూడేళ్లు ఉండాలి. పదో తరగతితో లెక్కలు వదిలేస్తే రెండేళ్లే తేలతాయి. డివిజన్ 2కి రెండేళ్లు చాలు. కోర్ సబ్జెక్టుల జీపీఏ డివిజన్ 1కి 2.3, డివిజన్ 2కి 2.2 తగ్గకూడదు. అర్హతకు శాట్ అనే ప్రవేశ పరీక్ష అక్కర్లేదని ఎన్‌సీఏఏ 2023లో తేల్చింది. కాలేజీ తన ప్రవేశానికో, చదువు స్కాలర్‌షిప్పుకో అడిగితే అది వేరే మాట. ఇంకోటి, ప్లస్ టూ అయ్యాక ఏళ్లకేళ్లు ఖాళీ పెట్టి లీగులు ఆడుతూ పోతే డివిజన్ 1లో ఆడగలిగే సీజన్లు తగ్గే ప్రమాదం ఉంది. క్లబ్బు ఏదైనా కాయితం మీద సంతకం అడిగితే, ఎంత చిన్న మొత్తమైనా సరే, ముందు కాలేజీ వాళ్లకు చూపించాలి. దాచడం అన్నిటికంటే చెడ్డ పని.

నోటరీ బాబుకి, జిరాక్స్ కొట్టు అన్నకి రుణం తీర్చుకోలేం. సరిహద్దు తెలుగువాళ్ల పేర్ల చిక్కు బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ స్కూలు రికార్డులో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. లక్ష్మి అన్న పేరు ఒరియా బడిలో ఎక్స్ అక్షరంతోనూ, ఇంట్లో చేయించిన ఆధార్‌లో కె, ఎస్, హెచ్‌లతోనూ ఉంటుంది. చివరన ఉన్న కుమారి ఎక్కడో ఒకచోట ఇంటిపేరైపోతుంది. పాస్‌పోర్టులో రెండు గడుల్లో ఒకటి ఖాళీగా వదిలేస్తే వీసా మీద పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. ఆ మూడక్షరాలు కాలేజీ రికార్డుకి, బ్యాంకు ఖాతాకి, జట్టు జాబితాకి కూడా వెంటపడతాయి. కాబట్టి మొదట పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయించాలి. ఆ తర్వాత ఆటకు అర్హత తేల్చే కేంద్రంలో ఖాతా, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), డీఎస్-160 (వీసా దరఖాస్తు), విమానం టికెట్ అన్నీ అక్షరం పొల్లు పోకుండా పాస్‌పోర్టునే అనుసరించాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో తప్పుంటే స్కూలు ద్వారా బోర్డుకి దిద్దుబాటు దరఖాస్తు పెట్టాలి. అది వచ్చేలోగా రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ అడ్డు పెట్టొచ్చు, కానీ దాని మీదే ఆధారపడి కూర్చోకూడదు.

ఇప్పుడు మంచె కట్టిన వాళ్ల గురించి. నిజంగా మంచే. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి కట్టుకునేలాంటిదే. వెదురు బొంగులతో, సెంటర్ లైనుకి ఎదురుగా, మనిషి నిలబడితే ఫోను నాలుగైదు మీటర్ల ఎత్తున ఉండేట్టు కట్టారు. నేల మీద నుంచి తీసిన వీడియోలో ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు దాగిపోతారు, ఎవరికీ ఎవరికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కోచ్‌కి తెలియదు. గోల్ వెనక నుంచి తీసిందీ అంతే. ఫోను అడ్డంగా, ట్రైపాడ్ మీద, 1080 నాణ్యతతో పెట్టాలి. జూమ్ చేయకూడదు. బంతి చుట్టూ మైదానంలో మూడోవంతు కనపడాలి, ఎందుకంటే బంతి లేనప్పుడు అమ్మాయి ఎటు కదిలిందన్నదే కోచ్‌లు ఎక్కువగా చూస్తారు. 90 నిమిషాలకు సుమారు 10 నుంచి 12 జీబీ పడుతుంది. మొదటిసారి విరామానికే ఫోను నిండిపోయేది ఇందుకే. ఫ్లైట్ మోడ్ పెట్టకపోతే ఫోను మోగి రికార్డింగు తెగుతుంది. మన ఎండకి ఫోను వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, గొడుగు నీడ తప్పనిసరి. మంచె కింద ఒక చెల్లి వాచీ చూస్తూ నోటుబుక్కులో ఏ నిమిషానికి ఏం జరిగిందో రాసింది. నెట్ సెంటర్ తమ్ముడికి రెండు రాత్రులు మిగిల్చింది ఆ నోటుబుక్కే.

ఆ తమ్ముడు చేసిన కూర్పు చూసి నేర్చుకోదగ్గది. మొత్తం నాలుగు నిమిషాల లోపు. మొదటి అరనిమిషంలోనే అన్నిటికంటే మంచి ఆట, ఎందుకంటే కోచ్ చాలాసార్లు అక్కడికే ఆపేస్తారు. ప్రతి ముక్కా బంతి తగలడానికి మూడు సెకన్ల ముందు మొదలవుతుంది, అప్పుడు ఒక్క క్షణం బొమ్మ ఆపి అమ్మాయి మీద బాణం గుర్తు. పాస్ ఎవరికి చేరిందో చూపించాకే ముక్క తెగుతుంది. పాటలు లేవు, స్లో మోషన్ లేదు. డిఫెండర్ కాబట్టి గోల్స్ కోసం వెతకలేదు. ఒకరి మీద ఒకరు నిలిచినవి, తల బంతులు, ఒత్తిడిలో వెనక నుంచి ఇచ్చిన పాసులు, ఎడమ కాలు ఆట పెట్టాడు. దాంతోపాటు కత్తిరించని పూర్తి మ్యాచ్‌లు రెండు. యూట్యూబ్‌లో ప్రైవేట్ అని పెడితే అవతలివాళ్లకు తెరుచుకోదు, అన్‌లిస్టెడ్ అని పెట్టాలి. ఇంత కష్టమూ ఆ ఒక్క గుర్తు దగ్గర బూడిదలో పోసిన పన్నీరైపోతుంది.

మెయిళ్లు దిద్దిపెట్టిన ఇంగ్లిషు టీచరమ్మకు నమస్కారాలు. ఫుట్‌బాల్ అని రాస్తే అక్కడ అది వేరే ఆట, సాకర్ అనే రాయాలి. సబ్జెక్టు లైన్‌లోనే ఏ ఏడాది చేరగలదో, ఏ స్థానంలో ఆడుతుందో, ఎత్తు, మార్కులు ఉండాలి. లోపల పది వాక్యాలు దాటకూడదు, ఆ కాలేజీ పేరూ ఆ కోచ్ పేరూ తప్పు పడకూడదు. ఒకే మెయిల్ వందమందికి పంపితే వెంటనే కనిపెట్టేస్తారు. హెడ్ కోచ్‌తో పాటు అసిస్టెంట్ కోచ్‌కీ పంపాలి, ఎక్కువసార్లు జవాబు అక్కడి నుంచే వస్తుంది. డివిజన్ 1 కోచ్‌లు అమ్మాయి పదో తరగతి ముగిసిన జూన్ 15కి ముందు జవాబివ్వకూడదన్నది నిబంధన, మౌనం చూసి బెంగపడొద్దు. వీడియో కాల్ అక్కడి తూర్పు తీరం ఉదయం ఎనిమిదికి పెడితే మనకి వేసవిలో సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. చోటు ఇప్పిస్తామని లక్షలు అడిగే వాళ్ల జోలికి పోవద్దు. స్కాలర్‌షిప్ మాట కోచ్ నోట రావాలి, కాలేజీ కాయితం మీద పడాలి. పాత వ్యాసాల్లో కనిపించే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఫలానా కాలేజీలో చేరతానని పెట్టే సంతకం) 2024లోనే రద్దయింది, దాని గురించి వెతుక్కోనక్కర్లేదు.

బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ గారు ముందే చెప్పిన మాట రెండు నెలలు మిగిల్చింది. ఐ-20 ఇవ్వడానికి కాలేజీ మొదటి ఏడాది ఖర్చులో స్కాలర్‌షిప్ పోను మిగిలినదానికి చేతిలో ఉన్న డబ్బు లేదా మంజూరైన రుణం చూపమంటుంది. పొలం విలువ అందుకు పనికిరాదు. పైగా మనది షెడ్యూల్డ్ ఏరియా, ఇక్కడి భూమి తనఖాకి అడ్డంకులున్నాయి. ఆయన విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు దగ్గరుండి పెట్టించారు.

జిల్లా ఆసుపత్రి లేబొరేటరీ సిస్టరుకి ప్రత్యేకంగా. ఎన్‌సీఏఏ కాలేజీలు సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య లక్షణం) పరీక్ష ఫలితం అడుగుతాయి, మన అమ్మాయి కాలేజీ కూడా అడిగింది. రాయగడ, కోరాపుట్ వైపు ఈ లక్షణం ఉన్న కుటుంబాలు ఎక్కువే. మొదటి సాల్యుబిలిటీ పరీక్షతో సరిపెట్టకుండా హెచ్‌పీఎల్‌సీ అనే నిర్ధారణ పరీక్ష చేయించి, తేదీ, సీలుతో ఇంగ్లిషు రిపోర్టు ఇచ్చారు. ఏఎస్ అని, అంటే జబ్బు కాకుండా లక్షణం మాత్రమే ఉందని వచ్చినా ఆట ఆగిపోదు, ఇది తల్లిదండ్రులు గుండెలో పెట్టుకోవాలి. కాకపోతే సీజన్ ముందు ఎండలో వరుసగా స్ప్రింట్లు పెట్టినప్పుడు ప్రమాదం. వేగాన్ని రోజురోజుకీ పెంచాలి, మధ్యలో విశ్రాంతి, నీళ్లు ఉండాలి, కాళ్లు బరువెక్కితే ఆగిపోయే హక్కు ఉండాలి. అందుకే ఫలితం దాచకూడదు.

టీకాల కార్డు దగ్గరా ఆమె చూపే పట్టింది. మన సర్కారు టీకా ఎంఆర్ (తట్టు, రుబెల్లాలకు), అందులో గవదబిళ్లలది ఉండదు. అక్కడ అడిగేది ఎంఎంఆర్ రెండు డోసులు, మధ్యలో కనీసం 28 రోజులు. వీసా వచ్చాక చూద్దామంటే రోజులు చాలవు. మెనింజైటిస్ టీకా మన కార్డులో ఉండదు, పెద్ద ఊళ్లో వేయించుకోవాలి. క్షయకు చర్మం మీద చేసే పరీక్ష చిన్నప్పటి బీసీజీ వల్ల పాజిటివ్ చూపొచ్చు, ఇగ్రా అనే రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు.

హైదరాబాద్‌లో రెండు రాత్రులు చోటిచ్చిన అప్ప కుటుంబానికి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒడిశా మొత్తం హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ పరిధిలోనే ఉంది. వేలిముద్రలు ఒకరోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గరి కేంద్రంలో, ఇంటర్వ్యూ తర్వాత నానక్‌రామ్‌గూడలో. నాగావళి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు కాబట్టి రైలు రోజు చూసుకుని అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ రుసుము 350 డాలర్లు ముందే కట్టి రసీదు దగ్గరుంచుకోవాలి. ఇంటర్వ్యూలో ఆట గురించి అడిగినా, ఏ డిగ్రీ, ఎందుకు ఆ కాలేజీ, డబ్బు ఎవరు పెడతారు అన్నవే అసలు ప్రశ్నలు.

ఐ-20లో తేదీ తప్పిపోతుందని హెచ్చరించింది కూడా ఆ ఇంట్లో చదువుకున్న అబ్బాయే. ఐ-20లో ఉన్న చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగు పెట్టనివ్వరు. జట్టు సాధన ఆగస్టు మొదట్లోనే మొదలవుతుంది, క్లాసులు నెలాఖరుకి. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి జట్టులో రిపోర్ట్ చేసే తేదీ ముందే తెలిపి, దానికి సరిపడే ఐ-20 తీసుకోవాలి. ఆ కాయితం చేతి సంచిలో ఉండాలి, లగేజీలో కాదు.

చదువు విషయంలో అతను చెప్పిన రెండు మాటలు ఈ రాతలో అన్నిటికంటే విలువైనవి. సెమిస్టరుకి 12 క్రెడిట్ల కంటే కిందికి జారితే ఆట అర్హత, వీసా స్థితి రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. కష్టమైన సబ్జెక్టు వదిలేసే ముందు రెండు ఆఫీసులనూ అడగాలి. వీసా కోసం చూసే ఆ 12 క్రెడిట్ల లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసులు ఒకటికి మించి రావు. రెండోది, మ్యాచ్‌లు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం ల్యాబులున్న సబ్జెక్టులు జనవరి సెమిస్టరుకి పెట్టుకోవాలి. క్యాంపస్‌లో పని చదువు రోజుల్లో వారానికి 20 గంటల వరకే.

బూట్లు కొనిచ్చిన స్పోర్ట్స్ షాపు అన్నకి: మన మొరం నేల మీద వేసుకునే పొడుగు స్టడ్లు అక్కడి కృత్రిమ గడ్డిలో దిగబడి మోకాలు తిప్పేస్తాయి, కృత్రిమ గడ్డికి చేసిన ఏజీ సోలు జత ఒకటి కావాలని మీరే పట్టుబట్టారు. నెలరోజులు ఇక్కడే వేసుకుని అలవాటు చేసుకుంది.

ఈ కాయితాలన్నిటి నమూనాలు, మెయిల్ ముసాయిదా, టీకాల పట్టిక ఒక ఫైలుగా జిరాక్స్ కొట్టులో ఉంచాం, డబ్బు తీసుకోనని ఆ అన్న అన్నాడు. మంచె విప్పలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిల మ్యాచ్‌లు ఆదివారాలు ఉన్నాయి, నోటుబుక్కు పట్టుకునే వాళ్లు ఒకరు కావాలి.