ఓజోన్ ఒప్పందం డాబాల మీద కూడా అమలు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా సెప్టెంబరు 16న మన బడుల్లో ఓజోన్ దినోత్సవం జరుగుతుంది. పిల్లలు బొమ్మలు గీస్తారు, వ్యాసాలు రాస్తారు. అది జరగవలసిందే. అయితే ఓజోన్ పొరను కాపాడేందుకు ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న మాంట్రియల్ ఒప్పందంలో కడప వాటాకు మిగిలిన పని ఇప్పుడు డాబాల మీద, పాత సామాన్ల కొట్లలో ఉంది. దాన్ని జిల్లా యంత్రాంగం దృష్టికి తేవాలనే ఈ లేఖ.

అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే హెచ్చరించారు. 1985లో ఓజోన్ రక్షణ కోసం వియన్నా ఒడంబడిక కుదిరింది. ఆ ఏడాదే అంటార్కిటికా మీద ఓజోన్ ఎంత పలచబడిందో బ్రిటిష్ పరిశోధకులు బయటపెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి, 1987లో, మాంట్రియల్‌లో ఆ వాయువులను తగ్గించేందుకు గడువులు పెట్టుకుని సంతకాలు చేశారు. పొరను పాడుచేసింది సంపన్న దేశాలు కాబట్టి ఖర్చు కూడా అవే భరించాలని 1990 లండన్ సమావేశంలో మన దేశం గట్టిగా పట్టుబట్టింది. వర్ధమాన దేశాలకు సాయపడే నిధికి అక్కడే అంగీకారం కుదిరింది. ఆ పట్టుదల న్యాయమైనదని నా నమ్మకం. 1992లో మనం ఒప్పందంలో చేరాం, మాట నిలబెట్టుకున్నాం. ఇన్‌హేలర్ల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, 2010 కల్లా సీఎఫ్‌సీలకు స్వస్తి చెప్పాం. ఇలాగే సాగితే అంటార్కిటికా మీది పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అంచనా వేశారు.

ఇక మిగిలింది పాత ఏసీలలో చల్లదనం కోసం నింపే ఆర్-22 అనే గ్యాసు. పాత ఏసీ బయటి యూనిట్ మీద అంటించిన చీటీ చూడండి, ఆ పేరు కనిపిస్తుంది. సీఎఫ్‌సీలంత కాకపోయినా ఇదీ ఓజోన్‌ను తినేదే. పైగా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు బలమైనది. ఒక ఏసీలో ఉండే కిలో గ్యాసు గాలిలో కలిసిందంటే, ఏడు వందల లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత కీడు. మన వంటి దేశాలు 2030 నాటికి దీన్ని మానేయాలి. పాత యంత్రాల మరమ్మతుకు మాత్రం 2040 వరకు కొద్దిపాటి వెసులుబాటు ఉంది.

కడపలో ఎండలు ముదిరాక మరమ్మతు ఎలా జరుగుతుందో నేను చాలా చోట్ల దగ్గరుండి చూశాను. మెకానిక్ స్పానరుతో నట్టు వదులు చేస్తాడు. బుస్సుమని గ్యాసు పోతుంది, పైపు చివర నూనె చిందుతుంది, రాగి గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. ఉన్న గ్యాసంతా వదిలేసి కొత్తది ఎక్కిస్తాడు. లీకు ఎక్కడుందో వెతకడు. వచ్చే వేసవికి మళ్లీ అదే తంతు. ఏసీలో గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఏటా గ్యాసు నింపించాలన్న అపోహ వల్ల ఇంటివారికి డబ్బు నష్టం, కరెంటు నష్టం, ఆకాశానికి మరింత నష్టం. పాత సామాన్ల కొట్లో సంగతి ఇంకా దారుణం. రాగి కోసం గొట్టాన్ని కోసేస్తారు, లోపలున్నదంతా ఒక్కసారిగా గాలిపాలు.

మెకానిక్‌లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నడినెత్తిన ఎండలో, పిట్టగోడ అవతల వేలాడుతూ పనిచేసే కుర్రాళ్లు వాళ్లు. గ్యాసును వెనక్కి లాగి సిలిండరులో పట్టే యంత్రం వాళ్లు సొంతంగా కొనగలిగేది కాదు. ఉన్నా, పట్టిన గ్యాసును ఎక్కడ అప్పగించాలో చెప్పేవారు ఉండాలి కదా! పైగా కొత్త ఏసీల్లో వస్తున్న ఆర్-32, ఆర్-290 వాయువులు ఓజోన్ జోలికి పోవు గానీ, నిప్పు తగిలితే అంటుకుంటాయి. తెలియక పాత అలవాటుతో పనిచేస్తే ప్రమాదం మెకానిక్‌కే. వాళ్లకు శిక్షణ ఇప్పించే పథకాలు కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. వాటిని మన జిల్లాకు రప్పించుకోవలసిన బాధ్యత ఇక్కడివారిదే.

కలెక్టర్ గారికి నా విన్నపం ఇది. కడప, ప్రొద్దుటూరు, పులివెందులలోని ప్రభుత్వ సాంకేతిక విద్యాసంస్థల్లో గ్యాసు పట్టే యంత్రాలు ఉంచి, మెకానిక్‌లకు రోజువారీ అద్దెకు ఇప్పించండి. పట్టిన గ్యాసుకు ఎంతో కొంత ధర కట్టించండి, అప్పుడు దాన్ని వృథాగా వదిలేయరు. అన్నిటికంటే ముందు ప్రభుత్వ కార్యాలయాలు దారి చూపాలి. ఏసీల నిర్వహణ టెండర్లలో గ్యాసును గాలిలోకి వదలరాదన్న షరతు చేర్చాలి, పాత ఏసీలను గ్యాసు తీయించాకే వేలం వేయాలి. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు, కలెక్టరేట్ నుంచి ఒక ఉత్తర్వు వెలువడితే చాలు. వచ్చే మార్చిలో మరమ్మతుల హడావిడి మొదలయ్యేలోపు ఆ ఉత్తర్వు ఇప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
కడప