పాత లారీకి కొత్త ఇంజను వేయించేవాళ్లు వైరింగ్ డయాగ్రం అడిగి తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత లారీకి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను వేయించడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఛాసిస్ శుభ్రం చేయడం, ఇంజను దించడం, రంగు వేయడం అన్నీ వివరంగా రాశారు. వైరింగ్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. డైనమో, కటౌట్ల (పాత బండ్లలో బ్యాటరీ ఛార్జింగ్ పరికరాల) కాలం నుంచి ఇదే పని. ఆ కథనం చూసి ఇంకో పదిమంది ఇలాంటి పనికి దిగుతారు. అందుకే వైరింగ్ సంగతి కూడా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఇంజను మార్పించేవాళ్లు ఇంజనుకు, మెకానిక్‌కు అడిగినంత ఇస్తారు. వైరింగ్ దగ్గరకు వచ్చేసరికి బేరం మొదలుపెడతారు. "నాలుగు వైర్లు కలపడానికి ఇంతా?" అంటారు. పాత పెట్రోలు లారీ విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే. బ్యాటరీ, డైనమో, కాయిల్, సెల్ఫ్, లైట్లు, హారన్, అంతే. చేతిలో టెస్ట్ లైటు ఉంటే సాయంత్రానికి బండి కదిలేది.

ఇంజెక్షన్ ఇంజను అలా కాదు. దానికి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాత పరికరం) ఉండదు. పెట్రోలు ఎంత చల్లాలో, స్పార్కు ఏ క్షణంలో ఇవ్వాలో ఈసీఎం, అంటే ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు, చెబుతుంది. అది చెప్పాలంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎక్కడుందో, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఎక్కడుందో, లోపలికి ఎంత గాలి వస్తోందో, కూలెంట్ ఎంత వేడెక్కిందో, పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సార్లు దానికి చెబుతూ ఉండాలి. వాటిలో చాలా సిగ్నళ్లు 5 వోల్టుల లోపే ఉంటాయి. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్‌లో అర వోల్టు పోయినా హెడ్‌లైటుకు పెద్ద తేడా తెలియదు. సెన్సారు దగ్గర అదే అర వోల్టు పోతే ఈసీఎం లెక్కే తప్పుతుంది. బండి ఒకరోజు నడుస్తుంది, మర్నాడు నడిరోడ్డు మీద ఆగుతుంది. తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకదు. మెకానిక్ ఇంజనును తిడతాడు, ఓనరు మెకానిక్‌ను తిడతాడు.

మా షాపుకు వచ్చిన ఒక బండి సంగతి చెబుతాను. తెనాలి వైపు రైతు కుటుంబానికి 1950ల నాటి ఫార్గో లారీ ఉంది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు డాడ్జి, ఫార్గో బండ్లు కట్టిన రోజుల నాటిది. వాళ్ల తాతగారు దానిమీద గుంటూరుకు మిరపకాయ బస్తాలు తోలేవారట. ఆరు సిలిండర్ల పాత ఇంజను బ్లాకు పగిలి, వెల్డింగ్ చేయించినా నిలవలేదు. అందుకని ఇన్నోవా 2.7 లీటర్ల పెట్రోలు ఇంజనును గేరుబాక్సుతో సహా వేయించాలనుకున్నారు. బండి పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పే ఇంజను కాబట్టి ఆ ఛాసిస్‌కు కుదిరే రకమే.

ఆ ఫార్గో 6 వోల్టుల బండి. పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపారు. కొత్త ఇంజనుకు 12 వోల్టులు, నెగెటివ్ ఎర్త్ కావాలి. ఈ సంగతి చూసుకోకుండా కలిపితే తాళం తిప్పగానే ఈసీఎం పోతుంది. బల్బులు, హారన్, వైపర్ మోటారు అన్నీ మార్చాల్సిందే. "లైట్ల వైరింగ్ బాగానే ఉందిగా, దాన్ని ఉంచేద్దాం అంకుల్" అన్నాడు ఆ ఇంటి కుర్రాడు. ఆ కాలపు వైర్లకు పైన నూలు అల్లిక ఉంటుంది, లోపల రబ్బరు. డాష్‌బోర్డు వెనక నుంచి ఒక వైరు లాగి అతని చేతికిచ్చి వంచమన్నాను. రబ్బరు పొడిపొడిగా అరచేతిలో రాలి రాగి తీగ బయటపడింది. ఆ తర్వాత పాత వైరు ఊసు ఎత్తలేదు.

డాష్‌బోర్డులోని ఆంపియర్ మీటరు సంగతి కూడా అంతే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎవరికీ తీయబుద్ధి కాదు. కానీ బ్యాటరీకి వెళ్లే కరెంటంతా ఆ మీటరులోంచే పోతుంది. పాత డైనమో ఇచ్చేది తక్కువ కాబట్టి అది తట్టుకుంది. ఇప్పటి ఆల్టర్నేటర్ దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. అంత కరెంటు అందులోంచి పోతే మీటరు వెనక స్క్రూలు ఎర్రగా కాలతాయి. డాష్‌బోర్డు మంటలు మొదలయ్యే చోట్లలో అదొకటి. పాత మీటరు ముఖం అలాగే ఉంచి లోపల వోల్ట్ మీటరు పెట్టుకోవచ్చు. ఫార్గోకు అలాగే చేశాం.

పెట్రోలు పంపు గురించి అందరూ జాగ్రత్తగా చదవాలి. పాత ఇంజనుకు ఉండే పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది, దాని ప్రెషర్ కూడా చాలా తక్కువ. ఇంజెక్షన్ ఇంజనుకు కరెంటు పంపు, లైనులో దాదాపు 3 బార్ల ప్రెషర్. పాత రబ్బరు గొట్టం దాన్ని తట్టుకోదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కూడా ఉంటోంది, అది పాత రబ్బరును ఇంకా త్వరగా తినేస్తుంది. గొట్టం, క్లిప్పు రెండూ ఇంజెక్షన్‌కు చేసినవే కొనాలి.

గొట్టం ఎంత మంచిది వేసినా పంపుకు కరెంటు ఎలా ఇచ్చారన్నది వేరే లెక్క. తాళం నుంచి నేరుగా పంపుకు వైరు లాగడం సులువు, ఇంజను వెంటనే స్టార్టవుతుంది, ఓనరు సంతోషపడి డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. ఆ బండి ఎక్కడైనా గుద్దుకుని గొట్టం తెగితే? ఇంజను ఆగిపోతుంది కానీ తాళం ఆన్‌లోనే ఉంటుంది. పంపు మాత్రం 3 బార్ల ప్రెషర్‌తో వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. కంపెనీ వైరింగ్‌లో అలా జరగదు. పంపు రిలే, అంటే పంపుకు కరెంటు కలిపి తెంచే స్విచ్చు, ఈసీఎం చేతిలో ఉంటుంది. క్రాంకు తిరుగుతున్నట్టు సెన్సారు చెప్పకపోతే ఈసీఎం రిలేను వదిలేస్తుంది, పంపు ఆగిపోతుంది. ఆ రిలేను, దాని ఫ్యూజును వదిలిపెట్టి నేరుగా కలిపిన బండ్లు నా దగ్గరకు వచ్చాయి. ఒకదానిలో ఫ్యూజు స్థానంలో సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం ఉంది. చూసినప్పుడు చేతులు వణికాయి. ఆ బండి వెనక సీట్లో చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు.

యాక్సిలరేటర్ పెడల్ గురించి కూడా చెప్పాలి. ఈ ఇంజన్లకు కేబుల్ ఉండదు. పెడల్‌లోనే రెండు సెన్సార్లు ఉంటాయి, మొత్తం ఆరు వైర్లు. రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని ఈసీఎం చూసుకుంటుంది, తేడా వస్తే ఇంజను పవర్ తగ్గించేస్తుంది. ఆ ఆరు వైర్లకు ఒక్క జాయింటు కూడా పెట్టకూడదన్నది మా షాపులో నియమం. పొడవు చాలకపోతే పెడల్‌కు వెళ్లే దారి మారుస్తాం గానీ వైరు కొయ్యం. తాళంలో చిప్పు ఉంటుంది కాబట్టి ఇంజను, ఈసీఎం, తాళం, పెడల్, హార్నెస్ (ఇంజను వైర్ల కట్ట) అన్నీ ఒకే బండివి కావాలి. విడివిడిగా చవగ్గా తెచ్చి కలిపితే ఒకదానితో ఒకటి మాట్లాడవు.

హార్నెస్ ఎక్కడిదో కూడా అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో మన ఊరివాళ్లందరికీ గుర్తుంది. మునిగిన బండ్ల ఇంజన్లు, వైరింగ్‌లు విడివిడిగా అమ్ముడవుతుంటాయి. ఇంజను విప్పి కడిగి బాగుచేయొచ్చు. హార్నెస్‌ను కడగలేం. నీళ్లు కప్లర్‌లోంచి, అంటే వైర్లు కలిపే ప్లగ్గులోంచి, వైరు తొడుగు లోపలికి పాకుతాయి. పైన కొత్త టేపు, కప్లర్ కూడా తళతళలాడుతుంది. అంగుళం వెనక్కి తొడుగు కోసి చూస్తే రాగి నల్లబడి పచ్చటి చిలుము కనిపిస్తుంది. కొనేముందు ఒక్క వైరైనా అలా కోసి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే కొనకండి.

ఎర్త్ విషయంలో ఒక పరీక్ష ఎవరైనా చేయించుకోవచ్చు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజను హెడ్ మీద పెట్టాలి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. పాత ఛాసిస్‌కు తుప్పు, దానిమీద మందంగా కొత్త పెయింటు, దానిమీద ఎర్త్ బోల్టు. ఎక్కువ బండ్లలో జబ్బు అక్కడే. గీకి, ఇనుము తళుక్కుమన్నాక బిగించాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతితో చేసిన మార్పును 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద రిజిస్ట్రేషన్ కావాలంటే 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఇంజను మార్చి ఉండకూడదు. కాబట్టి తాతగారి బండికి వింటేజ్ నంబరు తెచ్చుకోవాలని ఆశ ఉన్నవాళ్లు ఇంజను జోలికి పోకుండా పాతదాన్నే బాగుచేయించుకోవడం మంచిది. ఈ మాట పని మొదలయ్యాక కాదు, ముందే చెప్పాలి. ఫార్గో వాళ్లకు చెప్పాం. వాళ్లు బండి తిరగడమే ముఖ్యమనుకున్నారు. వేసే ఇంజను తాలూకు బిల్లు, అది వచ్చిన బండి ఆర్సీ కాపీ దగ్గర పెట్టుకున్నాకే మేం పని మొదలుపెట్టాం.

రవాణా శాఖ వారికి ఒక విన్నపం. ఇంజను మార్పుకు అనుమతి కోసం వచ్చిన బండిని చూసేటప్పుడు ఇంజను నంబరుతో ఆపేయకండి. వైరింగ్ చేసినవాడు సంతకం పెట్టిన డయాగ్రం అడగండి. ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో, పంపు రిలే ఎక్కడుందో, ఎర్త్‌లు ఎక్కడ బిగించారో, ఏ రంగు వైరు దేనికి వెళుతుందో అందులో ఉండాలి. ఇంజను నడుస్తుండగా క్రాంకు సెన్సారు కప్లర్ పీకమనండి. ఇంజను ఆగుతుంది. తాళం ఆన్‌లోనే ఉంచి ట్యాంకు దగ్గర చెవి పెట్టి వినండి. పంపు మోగుతూనే ఉంటే ఆ బండిని వెనక్కి పంపండి. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని.

అలాంటి డయాగ్రం రాసి ఇవ్వగల కుర్రాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. స్కానర్ పెట్టి కోడ్ చదవడం వాళ్లకు వచ్చు, కాగితం మీద గీయమని అడిగేవాళ్లే లేరు. ఓనర్లు అడగడం మొదలుపెడితే గీస్తారు. ఫార్గోకు మేం గీసిన కాగితాన్ని లామినేషన్ చేయించి గ్లవ్ బాక్సులో పెట్టాం. మొన్న దారిలో హెడ్‌లైట్లు ఆగిపోతే, వేరే ఊరి ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి ఫ్యూజు మార్చి పంపించాడని ఫోన్ చేసి చెప్పారు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ.